గుర్రం తిన్న చేదు

కొండమేకలు చుట్టూ మూగి ఉత్తరీయపు అంచులు నములుతుంటే, మణిమంత రాజ్యపు రాకుమారుడు వసంతధ్వజుడు ఒక బండరాతి మీద కూర్చుని, ఎదురుగా ఉన్న ఆకుదొన్నెను శత్రుసైన్యాన్ని చూసినట్టు చూస్తున్నాడు. నిజం చెప్పాలంటే శత్రుసైన్యాన్ని చూసినప్పుడు అతగాడి ముఖం ఇంతకంటే ప్రసన్నంగానే ఉంటుంది. మొసళ్ల మడుగు ఈదేటప్పుడు పాట పాడుకున్నాడు. రెండు తలల పులి ఎదురైనప్పుడు ఏ తల ముందు నరకాలా అని కాస్త ఆలోచించాడు తప్ప అడుగు వెనక్కి వేయలేదు. అంతటి వీరుడికి ఇప్పుడు నుదుటి నిండా చెమటలు పట్టాయి. దొన్నెలో ఉన్నవి పచ్చటి ముద్దలు. అవి చేదు.

మన రాకుమారుడికి చేదు పడదు. అంతఃపురంలో కాకరకాయ వండిన రోజున ఆయనగారికి ఉన్నట్టుండి అడవిలో పని తగిలేది. జ్వరం వచ్చినప్పుడు కషాయం పట్టించడానికి ఆస్థాన వైద్యుడు నలుగురు మల్లులను వెంటబెట్టుకుని వచ్చేవాడు.

"తింటావా నాయనా, ముక్కు మూసి తినిపించమంటావా?" అంది బొమ్మక్క.

బొమ్మక్క గుమ్మడికోనకు దొరసాని. కోనలో తీర్పులు చెప్పేదీ ఆవిడే, తీర్పు విని మూర్ఛపోయినవాళ్లకు వైద్యం చేసేదీ ఆవిడే. నడుముకు బాకు, భుజానికి మూలికల సంచి, నాలుకకు పదును. ఎదురుగా ఆకాశానికి మసిపూసినట్టు నిలబడ్డ జడగిరి మీద కోట కట్టుకున్న మాంత్రికుడు జడకేతువు ఒకప్పుడు ఆవిడ దగ్గరే మూలికలు నేర్చుకున్నాడు. ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే ఆవిడకు ఒళ్లు మండిపోతుంది.

"తినడానికేం దొరసానిగారూ, తప్పకుండా తింటాను. అయితే ముందుగా దీని గుణం ఏమిటో కాస్త సెలవిస్తే..." అని నసిగాడు వసంతధ్వజుడు.

"పొద్దుటి నుంచి ఇదే ప్రశ్న. చేదును వాయిదా వేసే విద్య మీ గురువుగారు బాగానే నేర్పారు" అని ఆవిడ పక్కనే కూలబడింది. "సరే, ఆఖరిసారి చెబుతాను. ఒంట్లో నరమంటే అల్లెతాడనుకో. వింటికి కట్టే అల్లెతాడుకు మైనం పూస్తారా లేదా? నరానికీ అటువంటి పూత ఉంటుంది. జడకేతువు నీలిగొడుగులనే పుట్టగొడుగుల్ని ఎండబెట్టి ధూపం వేస్తాడు. ఆ పొగ ముక్కులోకి పోయిందంటే ముందు ఆ పూతను నాకేస్తుంది. ఆ తర్వాత లోపలి పోగుల్ని ఒక్కొక్కటిగా కొరుకుతుంది. ముందు వేలికొసలు మొద్దుబారతాయి, తర్వాత చేతులూ కాళ్లూ. చూపు ఉంటుంది, తెలివి ఉంటుంది, చిటికెనవేలు మాత్రం మాట వినదు. ఆ జడం గొంతుకు ఎక్కి మింగుడు పడకుండా చేసిందంటే ఇక మందూ లేదు, మాకూ లేదు."

"మా అక్కకు ఎంతదాకా వచ్చి ఉంటుంది?"

ఈ ప్రశ్న అడిగినప్పుడు అతని గొంతులో నసుగుడు లేదు. అక్క సుగాత్రి మణిమంత సింహాసనానికి కాబోయే రాణి. విల్లు పడితే ఎగిరే తుమ్మెద రెక్క తెంచగలదు. సంధి మాట్లాడదామని కబురంపి, నమ్మి వచ్చిన ఆమెను ధూపంతో నిలువునా బిగించి, తన దీపశాలలో దీపస్తంభంలా నిలబెట్టుకున్నాడు జడకేతువు. తల్లి పోయాక ఈ పెంకెవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం తినిపించింది ఆ అక్కే.

బొమ్మక్క కూడా ఎకసెక్కం మానేసింది. "రొమ్ము దాకా వచ్చి ఉంటుంది నాయనా. ఇవాళ పొద్దుగూకేలోపు ఆమె నోట్లో మందు పడాలి. రేపటికి గొంతు కూడా బిగుసుకుపోతుంది."

ఆవిడ సంచిలోంచి మైనం బిరడా వేసిన మేకకొమ్మొకటి తీసి అతని మెడలో కట్టింది. "ఇదీ ఈ ముద్దలూ చేదుతీగ ఆకువే. ఆ ఆకులో ఒక సారం ఉంది. విషం వచ్చి నరం పూత మీద పడబోతే, అది ఎదురెళ్లి దాని పళ్లు రాలగొడుతుంది. నా మేకలు ఆ తీగ మేసి, పొగలో తిరిగి, దుక్కల్లా వెనక్కి వస్తుంటే చూసి కనిపెట్టాను. ముద్దలు నీకు. కాపలావాడు దొంగకంటే ముందు రావాలి గనుక పొగ తగలకముందే తినాలి, అన్నీ తినాలి. సారం నీళ్లలో దిగదు, నెయ్యిలోనే దిగుతుంది. మిరియం తోడుంటేనే నరం దాకా పోతుంది. అందుకే రెండూ వేసి నూరాను. కొమ్ములో ఉన్నది చిక్కగా కాచిన నెయ్యి, మీ అక్కకు. నిద్రపోయిన నరాన్ని లేపుతుంది. చచ్చిన నరాన్ని మాత్రం లేపలేదు. ఒక్క మనిషికి సరిపోతుంది, అంతే. ఆ దుర్మార్గుడు తనకు కావలసినంత కోసి దాచుకుని, కొండ మీది తీగనంతా తగలబెట్టించాడు. మేకలకు తప్ప ఎవరికీ అందని రాతిపగుల్లో మిగిలిందంతా కోసి ఇవి చేశాను. మళ్లీ చిగురు వేయాలంటే వానలు పడాలి."

అంతలో కింద వంగతోటలోంచి కేకలు వినిపించాయి. మేకల మంద కంచె దాటింది. "చచ్చింది నా తోట! నేను వచ్చేసరికి దొన్నె ఖాళీగా కనిపించాలి" అని అరుస్తూ దొరసాని చీర కుచ్చిళ్లు ఎగదోపి వాలులో పరుగందుకుంది.

దొన్నె నిజంగానే ఖాళీ అయింది. ఎలా అయిందో చెప్పాలంటే మణిమంత రాజ్యపు ఆచారం ఒకటి చెప్పాలి.

అది రౌతుల దేశం. అక్కడ ఆకలితో ఉన్న రౌతు తొలి ముద్ద గుర్రానికి పెట్టకుండా తన నోట పెట్టుకోడు. రాజుగారి పెళ్లివిందులోనూ అంతే. గుర్రాలు తినేదాకా వియ్యాలవారు విస్తళ్ల ముందు గుటకలు మింగుతూ కూర్చోవలసిందే. కాబట్టి రాకుమారుడు లేచి, మేకలతో కలిసి ముళ్లకంపలు రుచి చూస్తున్న తన ఆడగుర్రం ఝంఝ దగ్గరకు వెళ్లి తొలి ముద్ద పెట్టాడు. దీన్ని ఎవరూ తప్పు పట్టలేరు.

ఝంఝ ముద్ద మింగి, కళ్లు అరమూసి, పై పెదవి మడిచి లొట్టలు వేసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వేపకొమ్మలు దొంగతనంగా తిన్న గుర్రం అది.

వసంతధ్వజుడు రెండో ముద్దను ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఝంఝ మూతి చాచింది. ముద్ద ఎంత పెద్దదై ఉండాలో ఆచారం చెప్పలేదు కదా అని అతనికి తోచింది. ధర్మసూక్ష్మాలు మనిషికి ఇలాంటి వేళల్లోనే తోస్తాయి. తొలి ముద్ద చిన్నదైంది, రెండోదీ కలిపితేనే గుర్రానికి మర్యాద అనిపించింది. రెండూ పోయాక మిగిలిన ఒక్కదాని వల్ల తనకు ఒరిగేదేముంది? అదీ ఝంఝ నోట్లోకే పోయింది. రాకుమారుడు మాత్రం నిజాయితీపరుడు గనుక వేలికి అంటినదాన్ని నాకాడు. నాకి, కాసేపు ఎగిరాడు.

బొమ్మక్క రొప్పుతూ తిరిగొచ్చి, ఖాళీ దొన్నెనూ అతని వంకర ముఖాన్నీ చూసి "అమ్మయ్య, మహావీరుడివి!" అని వీపు తట్టింది. మహావీరుడు తలవంచుకున్నాడు. వినయమనుకుంది పాపం.

మారువేషం ముందే సిద్ధమై ఉంది. జడకేతువుకు తన దీపశాలలోని మనుషులంటే ప్రాణం. అంటే వాళ్ల ప్రాణం మీద ప్రేమ కాదు, వాళ్ల మెరుపు మీద. చర్మం పగిలి వికారంగా కనిపించకూడదని రోజూ నూనె పట్టించేవాడు. పట్టించేవాళ్లు కూడా నాలుగు రోజులకే బిగుసుకుపోతారు గనుక కొత్తవాళ్లకు కోట తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ ఒంటికి నూనె రాయించుకోవడమే తప్ప రాయడం ఎరగని వసంతధ్వజుడు మోకాళ్ల దాకా ముతక పంచె కట్టి, భుజాన జిడ్డు తువ్వాలు వేసుకుని, కత్తిని బండి అడుగున దాచాడు. ఝంఝను నూనెబండికి కట్టారు. పట్టపుగుర్రాన్ని బండికి కడతారా అని అది వెనక్కి తిరిగి యజమానిని చూసిన చూపు ఇక్కడ రాయదగింది కాదు.

ఆహా, ఆ జడగిరి! నల్లటి శిలలు ఒకదానిపై ఒకటి ఎక్కి, మేఘాలను తోసుకుని, మధ్యాహ్నపు సూర్యుణ్ణి కూడా గుడ్డిదీపంలా చేసి నిలిచి ఉన్నాయి. చెట్లకు ఆకులున్నాయి, ఆకులకు కదలిక లేదు. సెలయేటి మీద వంగిన లేళ్లు నీళ్లు తాగబోయి అలాగే నిలిచిపోయాయి. వాటి కొమ్ముల మీద గూళ్లు కట్టిన పిట్టలు కూడా రెక్కలు విప్పి శిలల్లా ఉన్నాయి. అడుగున లోయలో నెమలికంఠం రంగు పొగ నురగలు కట్టి, సుళ్లు తిరిగి, బండిచక్రాలను నాకుతూ పైకి పాకుతోంది. చూడటానికి అంత అందమైన చావు మరెక్కడా ఉండదేమో.

బండి లోయ అంచున సగం దూరం పోయిందో లేదో, పైనుంచి ఈల వేసినట్టు చప్పుడైంది. ఇనుపముక్కు గద్దలు! మాంత్రికుడి కావలి గద్దలు అవి. ఒకటి నూనెకుండను పొడిచి పగలగొట్టింది. మరొకటి రాకుమారుడి తలపాగా లాక్కుపోయింది. ఝంఝ సకిలించి పరుగందుకుంది. కుండలు ఎగిరెగిరి పడుతున్నాయి, చక్రం ఒకటి లోయ మీద గాలిలో తిరుగుతోంది. వసంతధ్వజుడు కత్తి లాగి, నిలబడి, గద్దలరాజు మీదికి బలంకొద్దీ విసిరాడు. విసిరింది కత్తివేటు. వెళ్లింది మాత్రం కత్తే. పిడి వేళ్లలోంచి జారి, గిరగిరా తిరుగుతూ పోయి, అనుకోకుండా గద్దలరాజు రెక్కను తెగ్గొట్టి, దానితోపాటే లోయలో పడిపోయింది. మిగతా గద్దలు బెదిరి చెల్లాచెదరయ్యాయి. దీన్ని తర్వాత ఆస్థాన కవులు అమోఘమైన గురి అని రాస్తారు. అతను మాత్రం తన చేతివంకే చూసుకుంటున్నాడు.

వేలికొసలు లేనట్టే ఉన్నాయి. పగ్గాలు పట్టుకున్నాడని కంటికి తెలుస్తోంది గాని చేతికి తెలియడం లేదు. ముందు ఝంఝ చెవులు నిక్కబొడుచుకుని, తోక ఎగరేస్తూ, ఆ నీలిపొగలో ఊరేగింపుకు వెళ్లినట్టు వెళుతోంది. మధ్యలో ఒకసారి చీదింది. చేదు వాసన వచ్చింది.

అప్పుడు తెలిసొచ్చింది మన రాకుమారుడికి. నోరు వికారమవుతుందని మందును ఎవరికి పెట్టాడో, ఆ గుర్రం ఒంట్లో నరం నరానికీ కాపలా ఉంది. తన ఒంట్లో వేలెడంత కూడా లేదు. వెనక్కి తిరగడానికి దారి ఉంది, వెళితే తినడానికి ఆకు లేదు. పొద్దు పడమటికి ఒరిగింది. సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి. "అక్క దగ్గరికి చేరేదాకా నిలబడండి చాలు" అని తన కాళ్లను తానే బతిమాలుకుంటూ బండిని ముందుకు తోలాడు.

కోటవాకిట్లో జడకేతువే ఎదురొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, పట్టుబట్టల్లో, చేతిలో నెమలీకల కుంచెతో ఉన్నాడు. గోడ మీద వేలు రాసి, దుమ్ము ఉందేమోనని చూసుకున్నాడు. తన పొగ తనకే తగలకుండా రోజూ పొద్దున్నే చేదుతీగ నెయ్యి తాగుతాడు గనుక అతని ముఖం ఎప్పుడూ ఏదో తినకూడనిది తిన్నట్టే ఉంటుంది.

"పేరు?"

"సింగన్నండి."

"ఇదివరకు ఎక్కడ పనిచేశావు?"

"మణిమంత రాకుమారుల వారికి నూనె పట్టేవాణ్ణండి."

"ఓహో, వసంతధ్వజుడికా? అక్కను వెతుక్కుంటూ బయల్దేరాడని విన్నాను. ఎలాంటి మనిషి?"

తెలివైనవాడైతే "మామూలు మనిషండి" అని ఊరుకునేవాడు. మనవాడు ఊరుకోలేదు. "ఏం చెప్పమంటారు స్వామీ! మహావీరుడు. రూపంలో మన్మథుడు. ఆ భుజాలకు నూనె పడుతుంటే కొండలకు పడుతున్నట్టే ఉంటుంది."

జడకేతువు అతని భుజాలవైపు చూశాడు. "జీతం బాగా ఇచ్చేవాడన్నమాట" అని నిట్టూర్చి, "వెళ్లు. మోచేతుల దగ్గర జిడ్డు మిగలకూడదు. కనుబొమలకు దువ్వెన వాడు. దీపాలవేళకు నేనే వచ్చి చూస్తాను" అని తలుపు తీశాడు.

వసంతధ్వజుడు గడప దగ్గరే ఆగి దీపశాలను చూశాడు. నల్లరాతి నేల అద్దంలా మెరుస్తోంది. రెండు వరసల్లో మనుషులు కుడిచెయ్యి ముందుకు చాచి, అరచేతిలో వెలిగించని ప్రమిదలు పట్టుకుని నిలబడి ఉన్నారు. కిరీటాలు దిగని రాజులు, కత్తి సగం దూసిన సేనాపతులు, మెడలో హారాలు అలాగే ఉన్న నర్తకులు. పద్యం సగంలో ఆగిపోయి నోరు తెరిచే ఉన్న కవి ఒకాయన ఉన్నాడు. అందరి చర్మాలూ నూనెతో నిగనిగలాడుతున్నాయి. అందరి కళ్లూ మాత్రం బతికే ఉన్నాయి. కొత్తవాడు అడుగుపెట్టగానే ఆ కళ్లన్నీ అతనివైపు తిరిగాయి.

వరస చివర సుగాత్రి ఉంది. అల్లెతాడు లాగి లాగి గట్టిపడిన ఆ చేతిలో ఇప్పుడు మట్టిప్రమిద ఉంది. ఆమె పక్కన, ఎవరికోసమో అన్నట్టు, ఒక చోటు ఖాళీగా ఉంది. వసంతధ్వజుడికి ఏడుపొచ్చింది. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, నూనెగిన్నెతో దగ్గరికి వెళ్లి, అరచేత్తో ఆమె భుజానికి నూనె రాయబోయాడు.

"ఒరేయ్" అంది సుగాత్రి పెదవులు కదపకుండా, గాలి కదిలినంత మెల్లగా. "నూనె కారిపోతోంది. రాయడం కూడా రాదా నీకు?"

"అక్కా!"

"అరవకు. ఇన్నాళ్లు పట్టిందేం?"

"దారిలో రెండు తలల పులి..."

"సరే, కథలు ఇంటికెళ్లాక. మందేమైనా తెచ్చావా? గొంతు బిగుస్తోంది, ఇందాకటి నుంచి గుటక కష్టమవుతోంది."

అతను మెడలోని కొమ్ము పట్టుకుని బిరడా తీయబోయాడు. వేళ్లు జారాయి. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారాయి. చివరికి పళ్లతో లాగాడు. సుగాత్రి కళ్లు అతని వేళ్లమీద ఆగిపోయాయి.

"నీ చేతికేమైంది?"

"ఏమీ లేదు, చలి."

"నాకు అబద్ధం చెప్పడం నీకు చిన్నప్పటి నుంచీ రాదు. పొగ తగలకుండా ఈ మందిచ్చినవాళ్లు నీకేమీ ఇవ్వలేదా?"

"ఇచ్చారు. ముద్దలు. ఆచారం ప్రకారం తొలి ముద్ద ఝంఝకు పెట్టాను."

"మిగిలినవి?"

వసంతధ్వజుడు నూనెగిన్నెలోకి చూశాడు. "అవి చాలా చేదుగా ఉన్నాయక్కా."

సుగాత్రి డొక్కలు బిగుసుకుపోయాయి గనుక నవ్వలేకపోయింది. కళ్లలోంచి నీళ్లు మాత్రం బొటబొటా కారాయి. అవి నవ్వు వల్లనా, భయం వల్లనా అని ఆమెను అడిగితే ఆమే చెప్పలేదు. కాసేపటికి "ఆ కొమ్ములో ఎందరికి సరిపోతుంది?" అని అడిగింది. అతను కొమ్మును ఆమె నోటివైపే ఎత్తాడు. అదే జవాబు.

"అయితే నువ్వు తాగు" అంది సుగాత్రి. ఇది అక్క గొంతు కాదు, సింహాసనం ఎక్కబోయే రాణి గొంతు. "నీకింకా వేళ్ల దగ్గరే ఉంది, తప్పకుండా దిగుతుంది. నేను ముప్పాతిక రాయిని. నాలో నిద్రపోయిన నరాలెన్నో, చచ్చినవెన్నో ఎవరికి తెలుసు? నాకు పోస్తే ఇద్దరం పోవచ్చు. నువ్వు తాగితే రాజ్యానికి ఒక్కడైనా మిగులుతాడు. ఇది ఆజ్ఞ."

ఆమె చెప్పిన లెక్కలో తప్పు లేదు. అది అతనికీ తెలుసు. కాని చిన్నప్పుడు జ్వరంతో పడుకున్నప్పుడు ఆ నలుగురు మల్లుల్నీ బయటికి తరిమేసి, కషాయం తను సగం తాగి చూపించి, మిగతా సగం అతనిచేత తాగించింది ఈ అక్కే. లెక్కలు ఆమెకే వదిలేశాడు.

"సరే, నీ ఆజ్ఞ" అన్నాడు వసంతధ్వజుడు. కొమ్మును రెండు మణికట్ల మధ్య ఇరికించి నోటిదాకా తెచ్చుకున్నాడు. ఆ వాసనకే ముక్కు ఎగబీల్చి, ఒక కన్ను మూసి, నాలుక బయటపెట్టి, చిన్నప్పుడు ఊరంతా చెప్పుకు నవ్వుకున్న ముఖం పెట్టాడు. అందులో నటన కొంచెమే. ఎంత ఆపుకున్నా సుగాత్రి పెదవులు విచ్చుకున్నాయి. ఆ సందులోకి కొమ్ము దూర్చి నెయ్యంతా పోసేశాడు. వెంటనే ముంజేతితో ఆమె నోరు మూసి పట్టుకున్నాడు.

"మింగు. కాబోయే మహారాణివి, ఉమ్మితే బాగుండదు."

ఆమె కళ్లు నిప్పులు కురిశాయి. ఒకటి, రెండు గుటకలు కష్టంగా దిగాయి. అతను చెయ్యి తీయగానే ఆమె తిట్టిన తిట్లు రాణుల నోట వినదగినవి కావు, కాని అతనికి ఏ పాటా అంత ఇంపుగా వినిపించలేదు. గొంతు బాగా పనిచేస్తోందన్నమాట.

కొంతసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆమె కాలి బొటనవేలు చిన్నగా కదిలింది.

"తమ్ముడూ, ఒంటినిండా చీమలు పాకుతున్నాయిరా" అంది సుగాత్రి. ఆ మాట అంటూనే పళ్లు బిగించింది. మేలుకునే నరం నెమ్మదిగా మేలుకోదు. నిప్పులమీద నడిచినట్టు, ముళ్లతో గీసినట్టు ఒళ్లంతా సలపరం మొదలైంది. ఆమె ఆ బాధను ఆనందంగా భరించింది.

ఆ చీమలు మన రాకుమారుణ్ణి మాత్రం విడిచి వెళ్లిపోయాయి. మోచేతుల కింద చేతులు లేవు. మోకాళ్ల కింద కాళ్లు లేవు. పడిపోతే చప్పుడవుతుంది. అందుకని తూలుతూ వెళ్లి, అక్క పక్కనున్న ఖాళీ చోట్లో గోడకు చేరగిలబడి, మిగతావాళ్లలాగే కుడిచెయ్యి చాచి నిలబడ్డాడు. ఆ నిలబడటం నిలబడటమే. చెయ్యి అలాగే బిగుసుకుపోయింది.

"ఎంత బాగా నిలబడ్డాడో చూడు, ఇందుకే పుట్టినట్టు" అని గొణిగింది సుగాత్రి. అంతలో బయట గంట మోగింది. ఆమె గబగబా చెప్పింది. "దీపాలవేళ. వాడు వస్తున్నాడు. ప్రమిద వెలిగించి, ప్రతివాళ్ల మణికట్టు మీదా మరిగే నూనె ఒలికించి చూస్తాడు. ఉలిక్కిపడ్డవాళ్లకు మళ్లీ ధూపం వేస్తాడు. ఇన్నాళ్లూ నాకు ఏమీ తెలిసేది కాదు."

"ఇవాళో?" అన్నాడు అతను, నాలుక మందమవుతుండగా.

"ఇవాళ తెలుస్తుంది. తెలియనీ. వాడు దీపాలు పెట్టి వెళ్లిపోతే చాలు, అప్పటికి నాకు పూర్తిగా కాళ్లొస్తాయి. నిన్ను భుజాన వేసుకుని ఝంఝ దాకా మోసుకుపోతాను. అంతవరకూ నేను కదలకూడదు. అంతే, నేను కదలకూడదు."

తలుపులు తెరుచుకున్నాయి. జడకేతువు నూనె నింపిన బంగారు జారీతో, దివిటీతో వచ్చాడు. ఒక్కొక్క ప్రమిద వెలుగుతోంది. నూనె చుక్క మణికట్టు మీద చుయ్యిమంటోంది. ఎవరూ కదలడం లేదు. మధ్యలో ఒక రాజుగారి కిరీటం సర్ది, కవిగారి గడ్డం కుంచెతో దులిపి, తీరిగ్గా వరస చివరికి వచ్చాడు.

సుగాత్రి ప్రమిద వెలిగింది. మరిగే చుక్క ఆమె మణికట్టు మీద పడింది. పక్క చూపుతో వసంతధ్వజుడు చూస్తున్నాడు. చర్మం ఎర్రబడింది, బొబ్బ లేచింది. ఆమె రెప్ప కూడా వాల్చలేదు. జడకేతువు తృప్తిగా తల ఊపి ఒక అడుగు ముందుకు వేశాడు.

"అరె, సింగన్నా! అప్పుడే? నాలుగు రోజులైనా పనిచేస్తావనుకున్నానే" అని బుగ్గ గిల్లాడు. అరచేతిలో కొత్త ప్రమిద పెట్టి, నిండా నూనె పోసి వెలిగించాడు. ఒక చుక్క ఒలికించాడు. కదలలేదు. "కొత్తవాళ్లను ఒక్క చుక్కతో నమ్మకూడదు" అని తనలో తాను అనుకుంటూ జారీని దివిటీ మంట మీద కాచి, ఆ మరిగే నూనెను ధారగా మణికట్టు మీద పోయసాగాడు.

వసంతధ్వజుడికి ఏమీ తెలియలేదు. తన చెయ్యి తన కళ్లముందే కాలుతోంది, కాలిన వాసన ముక్కుకు తగులుతోంది, నొప్పి మాత్రం ఎక్కడా లేదు. మొసళ్ల మడుగులో వేయని భయం అప్పుడు వేసింది. అయినా ఆ భయం కాలే చేతిని చూసి కాదు. అక్క కళ్లు తనవైపు తిరిగాయి. ఆ కళ్లలో ఏం జరగబోతోందో అతనికి కనిపించింది.

నొప్పి లేదక్కా, ఒట్టు, నాకేమీ నొప్పి లేదు అని అరవబోయాడు. నాలుక కదలలేదు.

నూనెధార ఆగలేదు. తన ఒంటిమీద పడ్డ నిప్పుకు రెప్ప వాల్చని సుగాత్రి, తమ్ముడి చెయ్యి కాలుతుంటే చూడలేకపోయింది. ప్రమిద నేలమీద పడి భళ్లున పగిలింది. జడకేతువు తలతిప్పేలోపు, విల్లు లాగి గట్టిపడిన ఆ వేళ్లు అతని మణికట్టును పట్టుకున్నాయి.